జంగ్లీఘాట్ చీకట్లో కెమెరా బేరం

మార్చి నెల. తెల్లవారుజామున 4:40. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ జెట్టీ మీద నిలబడ్డారు మీరు. కాళ్ల కింద తడి సిమెంటు జారుతోంది. డీజిలు వాసన, ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు. పడవలోంచి ఒకాయన సూర చేపల్ని తోక పట్టి పైకి విసురుతున్నాడు. పైనున్న పెద్దాయన అందుకుని గంపలో వేస్తున్నాడు. ఇద్దరిదీ శ్రీకాకుళం యాస. అటునుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఈ దీవుల్లో చాలానే ఉన్నాయి.

“ఏటి బాబూ, ఇంత సీకట్లో పొటోలు పడతాయేటి?”

పెద్దాయన అడిగిందే అసలు ప్రశ్న. కెమెరా కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల గురించి గంటసేపు మాట్లాడతాం గానీ ఈ మాట మాత్రం అడగం.

నా సంచిలోంచి మొదటి కెమెరా మీకు అందిస్తున్నాను. సోనీ ఏ7 ఫోర్, ఫుల్‌ఫ్రేమ్, 33 మెగాపిక్సెళ్లు. దానికి మామూలుగా జతచేసి అమ్మే 28-70 లెన్సు ఉంది. కన్ను ఆనించండి. మిర్రర్‌లెస్ కాబట్టి, రాబోయే ఫొటో ఎలా ఉంటుందో ముందే కనిపిస్తుంది. విసిరే చెయ్యి చెదరకూడదంటే షట్టరు కనీసం సెకనులో 125వ వంతు ఉండాలి. 50 మిల్లీమీటర్ల దగ్గర ఈ లెన్సు ఎఫ్/4.5 మించి తెరుచుకోదు. వెలుగు చాలక ఐఎస్ఓ 12,800కి ఎక్కింది. పెద్దాయన మొహం మీద ఇసక చల్లినట్టు గరుకు.

ఇప్పుడు రెండోది. సోనీ ఏ6400. బరువు 403 గ్రాములే, సెన్సరు చిన్నది. ముందు 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు. అదే గంప, అదే బల్బు వెలుగు, అదే షట్టరు. ఐఎస్ఓ 2,000 దగ్గర ఆగిపోయింది. చేప పొట్ట మీద వెండి మెరుపు, పెద్దాయన కనుబొమల్లో ఉప్పు, అన్నీ తేటగా ఉన్నాయి.

లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు వైశాల్యం చిన్నదానికి రెండున్నర రెట్ల లోపే. ఎఫ్/1.8 లెన్సు మాత్రం ఎఫ్/4.5 కన్నా ఆరు రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి పంపుతుంది. బాడీ ఇచ్చే మేలును లెన్సు దాటేసింది. పైగా ఈ రెండో జత మొత్తం ధర, ఆ మొదటి బాడీ ఒక్కదాని ధర కన్నా తక్కువ.

5:30కల్లా తెల్లారిపోయింది. గడియారం హైదరాబాద్‌దే అయినా సూర్యుడు ఇక్కడ ముందే వస్తాడు. 2018లో పేరు మారిన రాస్ ద్వీపానికి పడవెక్కాం. అంచున కూర్చున్న మీ ఒళ్లో కెమెరా మీద ఉప్పు తుంపర పడుతోంది. గుడ్డతో తుడుచుకోండి. రోజూ నీళ్ల మీద తిరిగేవారైతే ఓఎమ్ సిస్టమ్ ఓఎమ్-5 లాంటిది చూడాలి. దానికి ఐపీ53 రక్షణ ఉంది. తక్కినవాళ్లకి మంచి సంచి, సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బా చాలు.

ద్వీపంలో బ్రిటిష్ వాళ్ల భవనాల గోడల్ని మర్రి జాతి చెట్ల వేళ్లు చుట్టేశాయి. ఇక్కడ మాత్రం ఏ7 ఫోరే గెలిచింది. వేళ్లు కదలవు. బాడీలోనే ఉన్న స్టెబిలైజేషన్ వల్ల, స్టాండు లేకుండా సెకనులో 8వ వంతుకి కూడా ఫొటో నిలిచింది. ఏ6400 బాడీలో ఆ సదుపాయం లేదు. అయితే జెట్టీ మీద విసిరే చేతిని ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు. మీరు తీసేవి కదిలేవా, కదలనివా? కొనేముందు ఇది తేల్చుకోండి.

సాయంత్రం చిడియాటాపు చేరాం. చిలకలు గూళ్లకి చేరుతున్నాయి. చిన్న కెమెరాకి 70-350 లెన్సు బిగించారు మీరు. 625 గ్రాములు. చిన్న సెన్సరు దూరాన్ని మరింత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి, ఫుల్‌ఫ్రేమ్‌లో అంత దూరం అందుకోవాలంటే 200-600 లాంటిది మోయాలి. రెండు కిలోలు పైమాటే. కొండ దారిలో చెమటోడుస్తున్న మీ భుజానికి ఆ తేడా నేను చెప్పనక్కర్లేదు.

ఊరెళ్లాక ఒక్క పని చెయ్యండి. మీకు నచ్చిన కెమెరాని ముందు ఒక రోజు అద్దెకి తీసుకుని, మీరు ఎక్కువగా ఫొటోలు తీసే చోటికే, ఆ వేళకే పట్టుకెళ్లండి. మీ దగ్గరున్న డబ్బులో కనీసం సగం లెన్సుకి ఉంచండి.