స్క్రూ తిప్పితే పోని జబ్బు

"స్లో స్పీడు నిలవట్లేదు మేస్త్రీ, కాస్త ట్యూనింగ్ చెయ్యి." విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి పాత బుల్లెట్టు తోసుకొచ్చేవాళ్లు చాలామంది అనే మాట ఇది. ట్యూనింగంటే వాళ్ల లెక్కలో కార్బొరేటర్ పక్కనున్న రెండు స్క్రూలు. ఈ బళ్లను దుమ్ముకన్నా స్క్రూడ్రైవరే ఎక్కువ పాడుచేసిందని నా నమ్మకం. అరిగిపోయినదాన్ని సెట్టింగుతో కప్పిపెడితే అది నెలో రెండు నెలలో ఓర్చుకుంటుంది, అంతే.

ఈ అరుగుదల జబ్బు పుట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. 1927లో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే మూడు కంపెనీలు కలిసి ఆమల్ అయ్యాయి. ఆ తర్వాత బ్రిటిష్ మోటార్‌సైకిళ్లలో చాలావాటికి వాళ్ల కార్బొరేటరే. 1950ల మధ్యలో మోనోబ్లాక్ తెచ్చారు. అంతవరకూ పక్కన విడిగా ఉండే ఫ్లోట్ గిన్నెని బాడీతో కలిపి ఒకే పోత పోశారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మొదలై, ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి విడిభాగాలు తెప్పించి బుల్లెట్లు బిగించిన తొలిరోజుల కార్బొరేటర్ ఇదే. పోతకి జింకు మిశ్రమం వాడారు. లోపల పైకీ కిందికీ ఆడే స్లైడు కూడా జింకు మిశ్రమమే. మెత్తటి లోహం మెత్తటి లోహాన్ని రాసుకుంటే రెండూ అరుగుతాయి. దానికి తోడు మనవాళ్లు ఎయిర్ క్లీనర్ పీకేసి తిరిగేవారు.

స్లైడు అరుగుదల ముందు చెవికి తెలుస్తుంది. బండి స్లోలో ఉన్నప్పుడు ఇంజను పీల్చిన ప్రతిసారీ స్లైడు అటు గుంజుకుని బాడీకి టక్కున కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినబడితే ఇంజనాపి స్లైడు బయటికి తీసి వెలుతురులో పట్టుకోండి. ఇంజను వైపు ముఖం మీద అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది. ఆ సందులోంచి దొంగగాలి పోతుంటే పైలట్ స్క్రూ ఎంత తిప్పినా స్లో ఎక్కడ నిలుస్తుంది?

కార్బొరేటర్‌ని ఇంజనుకి బిగించే ఫ్లాంజి సంగతి వేరు. ఎవరో నట్లు బలంగా బిగించి ఉంటారు, దాని చెవులు వంగి మధ్యలో పల్లం పడుతుంది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే కింద వెలుతురు కనిపిస్తుంది. గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి రుద్దితే సరి.

ఎక్కువమంది చూడనిది నీడిల్ జెట్టు. మోనోబ్లాక్ జెట్టు మీద 106 అని ఉంటే రంధ్రం 0.106 అంగుళం, 2.7 మిల్లీమీటర్లకి ఒక్క పిసరు తక్కువ. పెట్రోలు ఆ రంధ్రం మొత్తంలోంచి రాదు. సూదికీ రంధ్రం అంచుకీ మధ్య మిగిలిన సన్నని సందులోంచి వస్తుంది. ఏళ్ల తరబడి సూది వణికి వణికి రంధ్రాన్ని కోడిగుడ్డులా సాగదీస్తుంది. అంగుళంలో వెయ్యోవంతు పెరిగినా ఆ సందుకి అది పెద్ద పెరుగుదలే. ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది, సగం యాక్సిలరేటర్‌లో బండి గుడగుడమంటుంది. చాలామంది మెకానిక్కులు క్లిప్పు ఒక గాడి పైకి మార్చి సూదిని దించేవారు. రోగం అక్కడే ఉండేది. కొలిచిన పిన్ను దూర్చి ఓ పక్క వదులుందో లేదో చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయేది.

అందుకే నేను ముందు యాక్సిలరేటర్ పిడికి గీతలు పెడతాను: పావు, సగం, ముప్పావు. పావులోపు తంటా అయితే పైలట్టూ స్లైడూ చూడాలి. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ పని, ఆపైన మెయిన్ జెట్టు.

తర్వాతి బుల్లెట్లకి జపాన్ మికుని పద్ధతిలో మద్రాసులో చేసిన మిక్‌కార్బ్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక బుల్లెట్టు కూడా ఇంజెక్షన్‌కి మారింది. ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలు నీళ్లు పీల్చుకుని పాత బళ్ల జింకు బాడీలో తెల్లటి పొడి పేరుస్తోంది. నెలల తరబడి బండి ఊరికే ఉంచేవాళ్లు గిన్నె ఖాళీ చేసి పెట్టుకోండి.

అరిగిన పాత బాడీని మాత్రం తుక్కువాడికి వెయ్యకండి. తెలిసిన లేతు మేస్త్రి చేత బాడీ బోరు సరిచేయించి, ఆ కొలతకి ఇత్తడి స్లైడు తిప్పించుకుంటే మళ్లీ పనికొస్తుంది.