పారే వేడిమికి లెక్క: పరిమిత మూలక పద్ధతి చరిత్ర

హైదరాబాదుకు పడమట మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ రాళ్లగుట్టల నేల కంప్యూటరు కార్యాలయాలతో నిండిపోయినది. అక్కడ జరిగేది కార్యక్రమ రచన ఒక్కటే అనుకోరాదు. యంత్రాల రూపకల్పన కూడ సాగుచున్నది. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో మొదలై, నేడు సయెంట్ అని పిలువబడే సంస్థ ఇందుకొక ఉదాహరణ. ఒక భాగాన్ని చల్లబరచే గాలి ఎంత వేడిని మోసుకొనిపోవునో, ఆ భాగం తయారు కాకముందే తెలియవలెను. అట్టి లెక్కలకు వాడే సాధనాలలో పరిమిత మూలక పద్ధతి ఒకటి.

ఈ పద్ధతి ప్రవాహాల కోసం పుట్టలేదు. 1943లో కూరాంట్ అను గణితవేత్త మెలిపెట్టిన కడ్డీ సమస్యను చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టి సాధించినాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమాన నిర్మాణాల గట్టిదనాన్ని ఇట్లే లెక్కించినారు. 1960లో క్లఫ్ దీనికి నేటి పేరు పెట్టినాడు.

చిక్కు ప్రవాహంతో వచ్చినది. పారే నీటిలో సిరాచుక్క వేసినచో రెండు పనులు జరుగును. నీరు సిరాను మోసుకొనిపోవును, ఇది సంవహనం. సిరా తనంతట తాను నలుదిక్కులకు పాకును, ఇది విసరణం. వేడిమి సంగతీ ఇంతే.

ఒక గొట్టం పొడవు 1, ప్రవాహ వేగం 1, విసరణ గుణకం 0.01 అనుకొందము. ఎగువ కొస 0 డిగ్రీలు, దిగువ కొస 100 డిగ్రీలు. ప్రవాహం చలువను తోసుకొనివచ్చును గనుక దిగువ కొసకు అతి దగ్గరలో తప్ప అంతటా ఇంచుమించు 0 డిగ్రీలే ఉండవలెను. గొట్టాన్ని 10 సమభాగాలు చేసి మామూలు పద్ధతితో లెక్కించినచో, ఎనిమిదవ బిందువు వద్ద 43, తొమ్మిదవ దాని వద్ద −70 డిగ్రీలు వచ్చును! యంత్రం తప్పేమీ లేదు. కాగితంపై చేసినా ఇదే ఫలితం. వేగాన్ని భాగపు పొడవుతో హెచ్చించి విసరణ గుణకంతో భాగించగా వచ్చేది పెక్లే సంఖ్య. అది 2 దాటినచో ఈ ఊగిసలాట మొదలగును. ఇక్కడ అది 10. కనీసం 50 భాగాలు చేసినగాని లెక్క కుదుటపడదు.

కారణం సులభమే. మామూలు పద్ధతి ఎగువను, దిగువను సమానంగా తూచును. కడ్డీలో బలం ఇరువైపులా పాకును గనుక అది చెల్లినది. ప్రవాహం మాత్రం ఎగువ కబురునే దిగువకు తెచ్చును. కనుక ఎగువకు ఎక్కువ బరువు ఇవ్వవలెను. 1952లో కూరాంట్, ఐజాక్‌సన్, రీస్ ఈ ఉపాయాన్ని వ్యత్యాస పద్ధతిలో చూపినారు. 1976లో క్రిస్టీ, గ్రిఫిత్స్, మిచెల్, జింకీవిచ్ దానిని మూలకాలకు తెచ్చినారు. అయితే మోటుగా వాడినచో లేని విసరణం వచ్చిచేరి, నిట్టనిలువు మార్పులు అలుక్కుపోవును. జబ్బు కంటె మందే బలమైనదన్నమాట. 1982లో బ్రూక్స్, హ్యూస్ ఆ అదనపు విసరణాన్ని ప్రవాహపు దారి వెంటనే ఉంచి, అడ్డంగా పాకనీయలేదు.

ఈ విద్యను విద్యార్థులకు అందించినవారిలో హైదరాబాదులో చదివిన తెలుగువాడొకరు ప్రముఖులు. జె. ఎన్. రెడ్డి 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టా పొంది, అమెరికాలో ఓడెన్ వద్ద పరిశోధన చేసినారు. గురుశిష్యులు కలిసి 1976లో ఈ పద్ధతి గణిత సిద్ధాంతంపై గ్రంథం వ్రాసినారు. 1984లో రెడ్డి వ్రాసిన ప్రవేశ గ్రంథం అనేక దేశాలలో పాఠ్యపుస్తకమైనది. 1994లో గార్ట్‌లింగ్‌తో కలిసి ఉష్ణప్రసారానికి, ప్రవాహాలకే ప్రత్యేకించి మరొక గ్రంథం వెలువరించినారు.