రోన్ కొండలమీద విద్యార్థుల వేసవి

మిట్టమధ్యాహ్నమున ఊరిబయట చెరువుగట్టు మీద నిలిచి ఆకాశమువంక చూచినచో, గద్ద యొకటి రెక్క కదల్పకయే గిరికీలు కొట్టుచు పైపైకి పోవుట కనిపించును. పశువులు కాచు పిల్లవానికి కూడ తెలిసిన దృశ్యమే ఇది. అయినను ఆ గద్ద అచ్చట ఏమి చేయుచున్నదో మనుష్యునకు అర్థమగుటకు చాల కాలము పట్టినది. దానిని అర్థము చేసికొని, తామును అట్లే చేసి చూపినవారిలో పండితులు కొందరు కలరు. కాని వేసవి సెలవులలో ఒక బోడికొండమీద డేరాలు వేసికొని గాలికొరకు కాచుకొని కూర్చున్న విద్యార్థుల పాలు అందులో తక్కువది కాదు. ఆ కొండ పేరు వాసర్‌కుప్పె.

జర్మనీ దేశము నడుమ హెస్సె రాష్ట్రములో రోన్ అను కొండల వరుస కలదు. అందులో ఎత్తైనది వాసర్‌కుప్పె. సముద్రమట్టమునకు 950 మీటర్లు. ఫుల్డా నది పుట్టినది ఇచ్చటనే. కొండ నెత్తిమీద చెట్లు లేవు, పచ్చిక మాత్రమే. వాలు ఇంచుమించు అన్ని వైపులకు కలదు గనుక గాలి ఏ దిక్కునుండి వీచినను దానికి ఎదురుగా నిలుచు వాలు ఒకటి దొరకును. గ్లైడరు ఎగురవేయువారికి ఇంతకంటె కావలసినది లేదు. దిగువనున్న గెర్స్‌ఫెల్డ్ పట్టణమువరకు రైలు వచ్చును. అచ్చటినుండి విమానమును ముక్కలుగా బండ్లమీద పైకి తోలుకొని పోవలసియుండెడిది.

ఈ కొండను మొదట వెదకి పట్టుకొన్నవారు డార్మ్‌స్టాట్ నగరపు కుర్రవాండ్రు. ఒట్టో లిలియెంతాల్ 1891 మొదలుకొని ఐదేండ్లపాటు గుట్టలమీదనుండి రెక్కలు కట్టుకొని ఎగిరి, 1896 ఆగస్టులో కూలి మరణించిన సంగతి పాఠకులు ఎరిగినదే. 1903లో రైటు సోదరులు ఇంజను పెట్టి ఎగిరిన తరువాత ఇంజను లేని విమానమును పట్టించుకొన్నవారు తక్కువ. డార్మ్‌స్టాట్ పిల్లలకు మాత్రము ఇంజను కొనుటకు డబ్బు లేదు. ఉన్నవి కర్ర, గుడ్డ, తీగ, సెలవులు. ఆ సామగ్రితోనే వారు 1911లో వాసర్‌కుప్పె చేరిరి. మరుసటి వేసవిలో వారిలో ఒకడైన హాన్స్ గుటెర్‌ముట్ 112 సెకండ్లలో 838 మీటర్ల దూరము ఎగిరెను. అనగా సగటున సెకండుకు ఏడున్నర మీటర్లు. సైకిలు తొక్కువాని వేగముకంటె కొంచెము ఎక్కువ. తరువాత రెండేండ్లకు ప్రపంచయుద్ధము వచ్చినది. విద్యార్థులు సైనికులైరి. గుటెర్‌ముట్ 1917లో యుద్ధమునందే మరణించెను. కొండమీద పచ్చిక మునుపటివలెనే పెరిగినది.

యుద్ధము ముగిసి 1919లో వెర్సాయి సంధి జరిగినది. జర్మనీకి వైమానికదళము ఉండరాదనిరి. విమానములను, ఇంజనులను తయారుచేయుటకూడ కొంతకాలము నిషేధింపబడి, ఆ నిషేధము 1922 మే వరకు సాగినది. అయితే ఇంజను లేని విమానము ఆ లెక్కలోనికి రాలేదు. సంధిపత్రము వ్రాసినవారికి గ్లైడరు పిల్లల ఆటబొమ్మగా తోచియుండును. సాంకేతిక కళాశాలలలో చదువుకొనుచున్న యువకులు, వారిలో యుద్ధమునుండి తిరిగివచ్చిన వైమానికులు చాలమందియే, చేతులు కట్టుకొని కూర్చుండలేకపోయిరి. ‘ఫ్లుగ్‌స్పోర్ట్’ అను పత్రికకు సంపాదకుడైన ఆస్కార్ ఉర్సీనుస్ 1920లో వారినందరిని రోన్ కొండలకు రమ్మని పిలిచెను. తరువాతి కాలమున అతనికి ‘రోన్ తండ్రి’ అను పేరే స్థిరపడినది.

వచ్చినవారిలో ఎవరికిని డబ్బు లేదు. ఓడిన దేశములో తిండికే కరవు. కొండమీద డేరాలు, వానలు, గంటల తరబడి కదలని మంచు. పీటర్ రీడెల్ అను పదునైదేండ్లు నిండీ నిండని బాలుడు తన చేతులతో కట్టిన గ్లైడరును తీసికొని వచ్చెను. ఈతడే పెద్దవాడైన పిమ్మట ప్రసిద్ధ వైమానికుడై, ముసలితనమున ఆ శిబిరముల చరిత్రను సంపుటములుగా వ్రాసెను. తెచ్చిన విమానములలో చాలవరకు కొన్ని గజములు ఎగిరి కూలినవి; కొన్ని ఎగురనే లేదు. ఆగస్టు 9న యూజెన్ ఫాన్ లోస్ల్ అను వైమానికుడు విమానము కూలి చనిపోయెను. శిబిరము అంతటితో చెదరిపోవునట్లుండెను. తల్లిదండ్రులు అంగీకరించి పంపిన సెలవు కాదు అది. ఎముకలు విరుగు సెలవు.

అట్టి సమయమున ఆఖెన్ నగరమునుండి ఒక నల్లని విమానము వచ్చినది. ఆఖెన్ సాంకేతిక విద్యాలయములో ఆచార్యుడైన థియొడోర్ ఫాన్ కార్మన్ ప్రోత్సాహముతో, అతని సహాయకుడు వోల్ఫ్‌గాంగ్ క్లెంపెరర్ విద్యార్థులతో కలిసి దానిని కట్టెను. నల్లగుడ్డ కప్పుటచేత దానికి ‘నల్ల దయ్యము’ అని పేరు పెట్టిరి. లిలియెంతాల్ కాలపు గ్లైడరులలో రెక్కను నిలుపుటకు తీగలును, ఊతకర్రలును దట్టముగా నుండెడివి; ప్రతి తీగయు గాలిని అడ్డగించును. నల్ల దయ్యము రెక్కకు బయట తీగలు లేవు, బలమంతయు లోపలనే. క్లెంపెరర్ మరియొక క్రొత్త పద్ధతి కూడ తెచ్చెను. మునుపు ఎగురువాడు వాలున పరుగెత్తవలెను, లేదా మిత్రులు మామూలు త్రాటితో లాగవలెను. ఈతడు విమానపు ముక్కునకు రబ్బరు త్రాడు తగిలించి, ఇరువైపులవారు దానిని సాగదీయునట్లు చేసెను. ఉండేలు నుండి రాయి పోవునట్లు విమానము పోయినది. సెప్టెంబరులో అతడు 142 సెకండ్లలో 1830 మీటర్లు ఎగిరెను. రెండు నిమిషములు దాటుట నేటివారికి గొప్పగా తోచకపోవచ్చును. లోస్ల్ మరణము తరువాత మూటలు సర్దుకొనుచున్నవారికి ఆ రెండు నిమిషములే ఆధారమైనవి. మరుసటి ఏడు మరల వచ్చెదమని నిశ్చయించుకొని కొండ దిగిరి.

వచ్చిరి కూడ. 1921 సెప్టెంబరులో దగ్గరి హైడెల్‌స్టైన్ కొండమీద ఫ్రీడ్రిష్ హార్త్ 21 నిమిషములు గాలిలో నిలిచి, దిగునప్పుడు కూలి తీవ్రముగా గాయపడెను. అతనికి బాల్యమునుండి సహాయము చేయుచు వచ్చిన విద్యార్థి విల్లీ మెసర్‌ష్మిట్. ఆ పేరు తరువాత యుద్ధవిమానముల మూలమున లోకమంతటికి తెలిసినది.

అసలు ఇంజను లేని విమానము అంతసేపు పైన నిలుచుట యెట్లు? నిశ్చలమైన గాలిలో గ్లైడరు ఎల్లప్పుడు దిగుచునే యుండును. ముందునకు పోవుటకు కావలసిన శక్తి దానికి ఆ దిగుటవలననే లభించును. మంచి గ్లైడరు ఒక మీటరు దిగునప్పటికి పదునారు మీటర్లు ముందునకు పోవుననుకొందము. సెకండుకు పదుమూడు మీటర్ల వేగముతో పోవునప్పుడది సెకండుకు సుమారు 0.8 మీటరు దిగును. ఇక గాలి కొండవాలును తాకినప్పుడు దానికి ముందునకు త్రోవ లేదు. వాలు వెంట పైకి పోవలసినదే. ఆ పైకిపోవు గాలి వేగము 0.8 మీటరుకంటె ఎక్కువైనచో గ్లైడరు గాలిలో దిగుచునే, భూమినుండి చూచువారికి పైకి లేచును. దిగుడుబావిలో ఒకడు మెట్లు దిగుచున్నాడు. అతడు దిగుటకంటె త్వరగా ఆ మెట్లే పైకి లేచుచున్నవనుకొనుడు. ఎంతసేపు దిగినను అతడు నీరు ముట్టడు.

కనుక దిగు వేగమును తగ్గించుటయే నిర్మాతల పని. ఈ పని అందరికంటె చక్కగా చేసినవారు హానోవర్ సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు. జార్జ్ మాడెలుంగ్ రూపకల్పనలో వారు సిద్ధపరచిన ‘వాంపీర్’ గ్లైడరు రెక్క ఈ చివరనుండి ఆ చివరకు 12.6 మీటర్లు, వెడల్పు తక్కువ. పొడవైన సన్నని రెక్క తేలికగా మెలిపడును, మెలిపడినచో విరుగును. దీనికి వారు చేసిన ఉపాయము చూడదగినది. రెక్కలోపలి దూలము ఒక్కటే. దానికి ముందువైపు రెక్క అంచును పలుచని ప్లైవుడ్‌తో చుట్టి, దూలముతో కలిపి మూసిన గొట్టమువలె చేసిరి. చీల్చిన వెదురుబద్దను మెలిపెట్టుట సులభము. చీల్చని బొంగును మెలిపెట్టి చూచినచో ఈ ఉపాయములోని కిటుకు చేతికే తెలియును. తరువాత ఎన్నో ఏండ్లు గ్లైడరు రెక్కలు ఈ పద్ధతినే అనుసరించినవి. దిగుటకు చక్రములకు బదులు మూడు చర్మపు బంతులు అమర్చిరి.

1922 ఆగస్టు 18న హానోవర్ విద్యార్థి ఆర్థర్ మార్టెన్స్ వాంపీర్‌ను ఎక్కి, ఒక గంటకు మించి ఎగిరెను. మరునాడు అతని స్నేహితుడు హెంట్సెన్ రెండు గంటలు దాటెను. ఐదు దినముల తరువాత అతడే మూడు గంటలకు పైగా గాలిలో నిలిచెను. రెండేండ్లక్రింద ఒక శిబిరము రెండు నిమిషములకు పొంగిపోయినది. ఈ వార్త దేశములు దాటినది. ఆ సంవత్సరమే ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను ఇట్టి పోటీలు జరిగినవి. 1923లో సోవియట్ విద్యార్థులు క్రిమియాలోని కొక్తెబెల్ కొండలకు చేరిరి.

తరువాత కొండమీద శిక్షణశాలలు వెలసినవి. పోటీలకంటె ఆ శిక్షణశిబిరములే ఎక్కువమందిని తాకినవి. 1926లో అలెగ్జాండర్ లిపిష్ బృందము ‘త్స్యోగ్లింగ్’ అను గ్లైడరు తయారుచేసినది. ఆ మాటకు శిష్యుడు అని అర్థము. అందులో కూర్చుండువానికి చుట్టు గోడ లేదు, ముందు అద్దము లేదు. ఒక పీట, చేతికి ఒక కర్ర, కాళ్లకు ఒక అడ్డపలక. చోటు ఒక్కరికే. గురువు నేలమీదనే నిలుచును. శిష్యుడు మొదటి దినమున నేలమీద జారుటయే నేర్చును. పిదప మనిషెత్తు గెంతు, పిదప వాలుమీదుగా నిజమైన ఎగురు. రబ్బరు త్రాటికి ఇరువైపుల నలుగురేసి, తోక పట్టుకొనుటకు ఇద్దరు ముగ్గురు. “లాగుడు” అన్నంతనే నడక, “పరుగు” అన్నంతనే పరుగు, “వదలుడు” అన్నంతనే తోకవారు చేతులు తీయుదురు. ఒక్కడు ఎగురుటకు పదిమంది పరుగెత్తవలెను. అర నిమిషములో విమానము దిగువ పచ్చికలో వాలును. అందరును క్రిందికి పోయి దానిని మరల కొండమీదికి మోయవలెను. తరువాత ఇంకొకని వంతు.

రోజుకు మూడుసార్లు వంతు వచ్చినదనుకొన్నను, ఒక్కొక్కసారి అర నిమిషము చొప్పున, ఆరు దినములలో శిష్యుడు గాలిలో నున్నది తొమ్మిది నిమిషములు. తక్కిన వారమంతయు మోత, లాగుడు, విరిగిన కర్రలకు జిగురు పట్టించుట, మబ్బును చూచుట. ముప్పది సెకండ్లు ఎగిరినవానికి ‘ఏ’ గుర్తు ఇచ్చెడివారు. నీలిరంగు బిళ్లమీద ఒక తెల్లని సముద్రపక్షి. ‘బి’కి రెండు పక్షులు, ‘సి’కి మూడు. ఆ ఒక్క పక్షికొరకు ఎంతటి బరువైనను మోసెడివారు. అట్టి శిబిరములలో పెరిగినవారిలో ఇద్దరి పేర్లు చెప్పుకొనవలెను. కొక్తెబెల్‌లో 1929లో తాను రూపొందించిన గ్లైడరులో నాలుగు గంటలకు పైగా ఎగిరిన విద్యార్థి సెర్గీ కొరొల్యోవ్. సైలీషియాలోని గ్రూనౌ శిక్షణశాలలో గ్లైడరు నేర్చిన యువకుడు వెర్నెర్ ఫాన్ బ్రౌన్. 1957లో స్పుత్నిక్‌ను పంపినది మొదటివాడు. చంద్రునిపైకి మనుష్యులను మోసిన శాటర్న్ రాకెట్టును కట్టించినది రెండవవాడు.

గద్ద రహస్యము ఇంకను పూర్తిగా తేలలేదు. గద్దకు కొండ అక్కరలేదు గదా! 1926 ఆగస్టులో మాక్స్ కెగెల్ ఎగురుచుండగా ఉరుముల మేఘమొకటి అతనిని లోపలికి లాగికొనినది. వానలో, వడగండ్లలో దిక్కు తెలియక తిరిగి, చివరకు 55 కిలోమీటర్ల దూరమున బయటపడెను. తోడివారు నవ్విరి; శాస్త్రజ్ఞుడు వాల్టర్ గియోర్గి నవ్వలేదు. ఎండకు కాగిన నేలనుండి వేడిగాలి స్తంభములై లేచుననియు, తెల్లని కుప్పమబ్బు అట్టి స్తంభముపై గొడుగువంటిదనియు అతని బృందము గాలిలో కొలిచి చూపినది. 1928లో ఆస్ట్రియా యువకుడు రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ మబ్బునుండి మబ్బునకు పోవుచు కొండను విడిచి ఎగిరెను. ఎక్కుచున్నది, దిగుచున్నది తెలుపు వేరియోమీటరు అను పరికరమును అతడు ఇతరులకు చెప్పకుండ వాడుకొనెనందురు. మరుసటి ఏడు అతడు నూరు కిలోమీటర్లు దాటెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చినతోడనే శిబిరముల తీరు మారినది. సంఘములన్నియు ప్రభుత్వపు చేతిలోనికి పోయినవి. పక్షిగుర్తు కొరకు త్రాడు లాగిన పిల్లలు యుద్ధవిమాన చోదకులగుటకు సిద్ధపరుపబడిరి. 1940 మే 10న బెల్జియములోని ఎబెన్ ఎమాయెల్ కోటపై చప్పుడు లేకుండ దిగి దానిని పట్టుకొన్న సైనికులు గ్లైడరులలోనే వచ్చిరి. క్రోన్‌ఫెల్డ్ యూదుడు. ఆ కొండమీద అతనికి చోటు లేకపోయినది. ఇంగ్లండు చేరి, 1948లో తోకలేని గ్లైడరును పరీక్షించుచు మరణించెను. క్లెంపెరర్ 1924లోనే అమెరికాకు వెళ్లియుండెను. కార్మన్ 1930లో వెళ్లెను.

యుద్ధానంతరము జర్మనులకు గ్లైడరుకూడ నిషేధమైనది. వెర్సాయివారు చేసిన పొరపాటును ఈసారి ఎవరును చేయలేదు. ఆ నిషేధము 1951లో తొలగిన పిమ్మట వాసర్‌కుప్పెమీద మరల గ్లైడరులు లేచినవి. వాంపీర్ మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియమునకు చేరినది. యుద్ధములో మరణించిన వైమానికుల స్మృతికై 1923లో నిలిపిన కంచు డేగ మాత్రము ఇప్పటికిని కొండమీద రాతిపై కూర్చుండి పడమటివైపు చూచుచున్నది.