అరవై అయిదో ఏట అచ్చైన తొలి పుస్తకం

1932లో న్యూయార్క్‌లోని హార్పర్ అండ్ బ్రదర్స్ సంస్థ ‘లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్’ అనే పిల్లల పుస్తకాన్ని అచ్చు వేసింది. రాసినావిడ లారా ఇంగల్స్ వైల్డర్. అప్పటికి ఆమెకు 65 ఏళ్లు. మిస్సోరీ రాష్ట్రంలో మాన్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊరి పక్కన భర్తతో కలిసి కోళ్లు, ఆవులు, ఆపిల్ తోట చూసుకుంటూ బతికిన రైతు ఇల్లాలు. అంతకుముందు ఆమె పేరున ఒక్క పుస్తకమూ లేదు. ఆ తరువాత పదకొండేళ్లలో మరో ఏడు వచ్చాయి. ఎనిమిదోది వెలువడిన 1943లో ఆమె వయసు 76.

ఈ కథను చాలామంది పట్టుదలకు నిదర్శనంగా చెబుతారు. ఆమెకు పట్టుదల ఉన్నమాట నిజమే. కానీ అదే పట్టుదలతో అదే మనిషి ముప్పయ్యేళ్ల ముందు రాసి ఉంటే ఆ కాగితాలను ఎవరు చదివేవారు? పిల్లల పుస్తకాలకంటూ న్యూయార్క్‌లో ఒక ప్రచురణ వృత్తి అప్పటికి పుట్టలేదు. లారా ముదిమిలో రచయిత్రి కావడం వెనక ఆ వృత్తి చరిత్ర కూడా ఉంది.

అమెరికాలో పిల్లల పుస్తకాలు అంతకుముందూ వచ్చేవి. అయితే వాటిని పెద్దల పుస్తకాలు చూసే సంపాదకులే చూసేవారు. మార్పు మొదట గ్రంథాలయాల్లో కనిపించింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1906 నుంచి పిల్లల విభాగాన్ని నడిపిన ఆన్ కారల్ మూర్ వంటివారు పిల్లలకు విడిగా గదులు, కథలు చెప్పే వేళలు ఏర్పాటు చేశారు. ఆ అరలను నింపడానికి మంచి పుస్తకాలు కావాలి. 1919లో మాక్మిలన్ సంస్థ పిల్లల పుస్తకాలకే ప్రత్యేక విభాగం తెరిచి, లూయీజ్ సీమన్ చేతికిచ్చింది. 1922లో డబుల్‌డే సంస్థలో గ్రంథాలయ రంగం నుంచి వచ్చిన మే మాసీ అలాంటి విభాగాన్నే మొదలుపెట్టారు. ఆ ఏడే అమెరికన్ గ్రంథాలయ సంఘం పిల్లల పుస్తకాలకు న్యూబెరీ పతకం ఇవ్వడం ప్రారంభించింది. 1926లో హార్పర్ సంస్థ వర్జీనియా కర్కస్‌ను బాలబాలికల పుస్తకాల సంపాదకురాలిగా పెట్టుకుంది. ఈ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ స్త్రీలే. ఏం వేయాలో, ఎలా దిద్దాలో, బొమ్మలు ఎవరిచేత గీయించాలో తామే తేల్చుకునే అధికారం వాళ్ల చేతికి రావడంతో పిల్లల పుస్తకం ఒక వృత్తిగా నిలదొక్కుకుంది.

అదే కాలంలో మాన్స్‌ఫీల్డ్‌లో లారా తెలియకుండానే ఆ వృత్తికి తయారవుతోంది.

ఆమె 1867లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పెపిన్ దగ్గర అడవిలో పుట్టింది. తండ్రి చార్లెస్ ఒకచోట నిలవని మనిషి. కుటుంబం కాన్సస్, మిన్నెసోటా, అయోవా మీదుగా తిరిగి చివరికి డకోటాలో డిస్మెట్ అనే కొత్త ఊరు చేరింది. అక్క మేరీకి 1879లో చూపు పోయింది. చుట్టూ ఉన్నదంతా అక్కకు మాటల్లో చూపించే పని లారా మీద పడింది. పద్దెనిమిదో ఏట అల్మాంజో వైల్డర్‌తో పెళ్లయింది. పంటలు పోయాయి, భర్తకు డిఫ్తీరియా వచ్చి కాళ్లు దెబ్బతిన్నాయి, ఇల్లు కాలిపోయింది. 1894లో కూతురు రోజ్‌ను వెంటబెట్టుకుని దంపతులు మిస్సోరీ చేరుకున్నారు.

అక్కడ లారాకు కోళ్ల పెంపకంలో మంచి పేరు వచ్చింది. 1911 నుంచి ‘మిస్సోరీ రూరలిస్ట్’ అనే వ్యవసాయ పత్రికకు రాయసాగింది. గుడ్ల లెక్క, వంటింటి శ్రమ, ఇరుగుపొరుగు సాయం, రైతు స్త్రీ సంపాదన ఆమె విషయాలు. పదమూడేళ్లకు పైగా సాగిన ఆ వ్యాసాలతోనే చేయి తిరిగింది. చిన్న జాగాలో విషయం చెప్పడం, తెలిసిన వస్తువు పేరే వాడడం, చదివేవాళ్లకు పనులున్నాయని గుర్తుపెట్టుకోవడం అక్కడే అలవడ్డాయి. తొలి పుస్తకం నాటికి ఆమె రాతకు కొత్త కాదు, పుస్తకానికే కొత్త.

తండ్రి 1902లో, తల్లి 1924లో, మేరీ 1928లో పోయారు. తల్లి పోయిన మరుసటి ఏడు లారా తన పెద్దమ్మ మార్తాకు ఉత్తరం రాసి, అమ్మ చిన్ననాటి కబుర్లు రాసి పంపమని అడిగింది. గుర్తున్నవాళ్లు ఒక్కొక్కరే పోతున్నప్పుడు పుట్టిన తొందర అది. దానికి 1929 నాటి షేర్ల పతనం, ఆ వెంట వచ్చిన మాంద్యం తోడయ్యాయి. కుటుంబం పెట్టిన పెట్టుబడులు పోయాయి. అప్పటికే పేరున్న పాత్రికేయురాలైన రోజ్ ఆదాయం కూడా పడిపోయింది. 1930లో లారా బడిపిల్లలు వాడే చవక రూళ్ల పుస్తకాల్లో పెన్సిలుతో తన జీవితకథ రాసి కూతురి చేతిలో పెట్టింది. దాని పేరు ‘పయనీర్ గర్ల్’. పెద్దల కోసం రాసిన ఆ కథను ప్రచురణకర్తలెవరూ తీసుకోలేదు.

కొత్త వృత్తి ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ జీవితకథలోని మొదటి భాగం నుంచి రోజ్ చిన్నపిల్లలకు తగిన కథ ఒకటి విడదీసింది. అది నాఫ్ సంస్థలో పిల్లల పుస్తకాలు చూసే మారియన్ ఫియరీ చేతికి చేరింది. ఆవిడకు నచ్చింది. దాన్ని పెంచమని, అడవిలో రోజువారీ బతుకు వివరాలు ఇంకా కావాలని అడిగింది. లారా మళ్లీ పెన్సిలు పట్టుకుంది. డొల్ల మానులో వేటమాంసానికి పొగబెట్టడం, మేపుల్ చెట్ల పాలు కాచి చక్కెర తీయడం, చలికాలంలో తెల్లగా వచ్చే వెన్నకు క్యారెట్ తురుముతో రంగు తేవడం, తండ్రి నిప్పు పక్కన తుపాకీ గుళ్లు పోసుకోవడం కథలోకి వచ్చాయి. ఇప్పటికీ పిల్లలు ఆ పుస్తకాన్ని వదలకపోవడానికి కారణం ఈ పనుల వర్ణనే. ఏది ముందు, ఏది తరువాత, చేతికి వేడి ఎక్కడ తగులుతుంది అన్నది చేసిన మనిషి చెబుతున్నట్టే ఉంటుంది.

మాంద్యం దెబ్బకు నాఫ్ తన పిల్లల విభాగాన్ని మూసేయడానికి సిద్ధపడింది. ఫియరీయే రచయిత్రికి ఆ సంగతి తెలియజేసింది. రాతప్రతి కర్కస్‌కు చేరింది. దాన్ని రైల్లో చదువుతూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయానని కర్కస్ తరువాత చెప్పుకున్నారు. హార్పర్ పుస్తకం తీసుకుంది. జూనియర్ లిటరరీ గిల్డ్ అనే పిల్లల పుస్తకాల క్లబ్బు తన సభ్యులకు పంపడానికి దాన్ని ఎంచుకుంది. కొనేవాళ్లే కరువైన ఏడాదిలో అలాంటి ఎంపిక ప్రచురణకర్తకు కొండంత ధైర్యం.

రోజ్ వాటా ఎంత అన్నది పెద్ద చర్చ. 1993లో విలియం హోల్ట్జ్ ఒక జీవితచరిత్రలో కూతురే అసలు రచయిత్రి అన్నంత దూరం వెళ్లాడు. మిగిలిన చేతిరాత ప్రతులు, తల్లీకూతుళ్ల ఉత్తరాలు చూసిన ఇతర పరిశోధకులు అంత దూరం పోలేదు. గుర్తులు, దృశ్యాలు, మాటతీరు తల్లివి. కూర్పు, వేగం, టైపు కూతురివి. సన్నివేశాల మీద ఇద్దరూ ఉత్తరాల్లో గట్టిగానే వాదించుకున్నారు. ముసలితనంలో తొలిసారి పుస్తకం రాసేవారికి ఇంట్లోనే అంత కఠినమైన సంపాదకురాలు దొరకడం అరుదు.

లారా తన బాల్యాన్ని ఉన్నదున్నట్టుగా రాయలేదు. కాన్సస్ వెళ్లేనాటికి ఆమెకు రెండేళ్లు దాటాయంతే. పుస్తకంలో ఆ పిల్ల అంతకంటే పెద్దది. తొమ్మిది నెలలకే చనిపోయిన తమ్ముడు ఫ్రెడీ కథలోకి రాలేదు. అయోవాలోని బర్ ఓక్‌లో గడిచిన కష్టకాలమూ రాలేదు. రాసిందంతా నిజమే గాని నిజమంతా రాయలేదని ఆమే 1937లో డెట్రాయిట్‌లో మాట్లాడుతూ చెప్పింది. కథలో లారా పెరుగుతున్నకొద్దీ పుస్తకాల భాష కూడా పెరుగుతుంది. చిన్నపిల్లకు సరిపడే వాక్యాలతో మొదలై, చివరి సంపుటానికి పెళ్లీడు పిల్ల మనసు పట్టే వాక్యాల దాకా వెళుతుంది.

ఆమె పుస్తకాల్లో గాయపరిచే చోట్లూ ఉన్నాయి. కాన్సస్‌లో ఆ కుటుంబం ఇల్లు కట్టుకున్న నేల ఓసేజ్ తెగవారిది. అక్కడ ఇండియన్లు (అమెరికా ఆదివాసులు) తప్ప మనుషులెవరూ లేరన్న అర్థం వచ్చే వాక్యం 1935 నాటి పుస్తకంలో ఉండేది. పాఠకుల నుంచి అభ్యంతరం వచ్చాక, హార్పర్ సంపాదకురాలు ఉర్సులా నార్డ్‌స్ట్రోమ్ ఆ సంగతి రాసి పంపితే లారా తప్పు ఒప్పుకుంది. 1953 ముద్రణలో ‘మనుషులు’ అన్నచోట ‘వలస వచ్చి స్థిరపడినవారు’ అని మార్చారు. మిగతా చిత్రణ అలాగే ఉండిపోయింది. 1954లో ఆమె పేరిట పెట్టిన పురస్కారం పేరును అమెరికన్ గ్రంథాలయ సంఘంలోని పిల్లల విభాగం ఈ కారణంతోనే 2018లో మార్చింది. ఓజిబ్వే అనే మరో ఆదివాసీ తెగ మూలాలున్న రచయిత్రి లూయీజ్ ఎర్డ్రిక్ 1999లో ‘ద బర్చ్‌బార్క్ హౌస్’తో ఓ వరుస మొదలుపెట్టి, అదే శతాబ్దపు జీవితాన్ని ఓజిబ్వే పిల్ల కళ్లతో చెప్పింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివించే ఉపాధ్యాయులు పిల్లలకు పెద్ద మేలు చేస్తున్నారు.

లారా 1957లో, తొంభై నిండిన మూడు రోజులకు కన్నుమూసింది. 1930లో ఎవరూ తీసుకోని ‘పయనీర్ గర్ల్’ను సౌత్ డకోటా చరిత్ర సంఘం ప్రచురణ విభాగం 2014లో విస్తారమైన వ్యాఖ్యలతో వేసింది. తొలి ముద్రణ 15,000 ప్రతులు చూస్తుండగానే అయిపోయి, మళ్లీ మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఎనిమిది పుస్తకాలూ చదివి పెద్దయినవాళ్లు ఇప్పుడు దాన్ని చదువుతూ, తమకు చెప్పకుండా వదిలేసిన ఆకలినీ అప్పులనూ తమ్ముడి చావునూ తెలుసుకుంటున్నారు.