వదులుకాని బోల్టు కోసం

హౌరా నుంచి విశాఖపట్నం, విజయవాడల వైపు వెళ్ళే రైలెక్కితే కొద్దిసేపటికే సంత్రాగాఛి జంక్షను వస్తుంది. కోల్‌కతాకు హుగ్లీ నది అవతలి ఒడ్డున, హౌరా నగరంలో ఉన్న స్టేషను ఇది. అటు వెళ్ళినప్పుడు మూడు వస్తువులను గమనించండి. ఒకటి స్టేషనులోని రైలు పట్టాలు. రెండవది నదిపై ఉన్న హౌరా వంతెన. మూడవది, ఒకప్పుడు ఆ వీధులన్నిటా కనిపించిన పసుపు రంగు అంబాసిడర్ టాక్సీ.

ఈ మూడింటి సమస్యా ఒక్కటే. రెండు లోహపు ముక్కలను కలిపి బిగించాలి. ఎంత అదిరినా ఆ బిగింపు సడలకూడదు. మూడింటికీ ఇంజనీర్లు కనిపెట్టిన జవాబులు మాత్రం వేరు. అన్నిటికంటే కష్టమైన జవాబు టాక్సీ ఇంజనుది. ఎందుకో చూద్దాం.

బోల్టు కూడా స్ప్రింగే!

1800 ప్రాంతంలో ఇంగ్లాండులో హెన్రీ మాడ్‌స్లే కచ్చితమైన మరలు కోసే లేతు యంత్రాన్ని తయారుచేశాడు. అప్పట్లో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు ఎక్కేది కాదు. మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో, మర కోణం 55 డిగ్రీలు ఉండాలంటూ ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు.

మరి బిగించిన బోల్టును పట్టి ఉంచేది ఏది? నట్టు తిప్పినకొద్దీ బోల్టు కాస్త సాగుతుంది. సాగిన స్ప్రింగులా వెనక్కి లాగుతూ ముక్కలను అదిమిపెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే ఘర్షణే నట్టును కదలనివ్వదు. 20 మిల్లీమీటర్ల మందాన్ని పట్టే ఉక్కు బోల్టును బాగా బిగిస్తే అది సాగేది సుమారు 0.04 మిల్లీమీటరు మాత్రమే! కింది భాగం అందులో సగం, అంటే 0.02 మిల్లీమీటరు అణిగిపోయినా చాలు, నట్టు ఇసుమంత తిరగకుండానే బిగువు సగానికి పడిపోతుంది.

వంతెన జవాబు, పట్టాల జవాబు

1943లో ప్రారంభమైన హౌరా వంతెనలో సుమారు 26,500 టన్నుల ఉక్కు ఉంది. దాన్ని నట్లు, బోల్టులతో కాక రివెట్లతో కలిపారు. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రంలో పెట్టి రెండవ కొనను సాగగొడతారు. దానికి మర లేదు కాబట్టి తిరిగి ఊడే ప్రశ్నే లేదు. అయితే విప్పాలంటే తల నరకవలసిందే.

రైలు పట్టాల కొనలను కలిపే ఫిష్‌ప్లేటుకు ఇంగ్లాండులో విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ 1847లో పేటెంటు పొందాడు. ప్రతి చక్రమూ అతుకు మీద దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బలకు బోల్టులు సడలుతాయి. అందుకే కీమాన్ స్పానరు, సుత్తి పట్టుకుని లైను వెంట నడుస్తూ బోల్టులు చూసుకుంటాడు. తర్వాత పట్టాలను పొడవుగా వెల్డింగు చేసి అతుకుల సంఖ్యనే తగ్గించారు.

ఇంజనుకు ఈ రెండు దారులూ పనికిరావు. మరమ్మతుకు దాన్ని విప్పాలి. కాబట్టి బోల్టు తప్పదు.

అసలు దోషి

కంపనాలకు బోల్టు ఎందుకు వదులవుతుందో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా చూపించాడు. బోల్టు పొడవు వెంట లాగే బలం కంటే, అడ్డంగా జరిపే బలం చాలా ప్రమాదకరం. కలిపిన ముక్కలు పక్కకు జారినప్పుడల్లా మరల మధ్య ఘర్షణ పట్టు తప్పుతుంది. అప్పుడు నట్టు, ఏటవాలు బల్ల మీద పెట్టిన వస్తువు బల్లను తడితే కిందికి జరిగినట్టు, మర వాలు వెంట వెనక్కి తిరుగుతుంది. అందరూ నమ్మే స్ప్రింగు వాషరు దీన్ని పెద్దగా ఆపలేదు.

ఇప్పుడు టాక్సీ ఇంజను చూడండి. సంత్రాగాఛికి ఉత్తరాన, అదే ఒడ్డున ఉన్న ఉత్తర్‌పాడాలో 2014 వరకు అంబాసిడర్ తయారైంది. సిలిండర్ల నుంచి పొగను సైలెన్సరు గొట్టానికి చేర్చే పోత ఇనుప భాగం మానిఫోల్డు. అది ఇంజను హెడ్డుకు నట్లతో బిగించి ఉంటుంది. హెడ్డును నీరు చల్లబరుస్తుంది. అది 100 డిగ్రీల దగ్గర ఉంటే, మానిఫోల్డు కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అర మీటరు పొడవున్న పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2.7 మిల్లీమీటర్లు సాగుతుంది. హెడ్డు అర మిల్లీమీటరైనా సాగదు. అంటే బండి నడిచి ఆగిన ప్రతిసారీ ఒకటి మరొకదానిపై జారాలని చూస్తుంది. యుంకర్ చెప్పిన అడ్డ కదలిక ఇదే. పైగా వేడికి గాస్కెట్ అణుగుతుంది, బోల్టు బిగువు కూడా తగ్గుతుంది.

ఏం చేయాలి?

1953లో అమెరికాలో రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్, గాలి అందనిచోట గట్టిపడే ద్రవాన్ని రూపొందించాడు. మరలను అంటించే ఈ లాక్‌టైట్ ఎన్నోచోట్ల అద్భుతంగా పనిచేస్తుంది. కానీ మానిఫోల్డు వేడికి మామూలు రకం చెడిపోతుంది. నైలాను వలయమున్న నట్టుదీ ఇదే గతి.

అందుకే ఇక్కడ పూర్తిగా లోహంతో చేసిన ఉపాయాలే వాడతారు: అంచును నట్టు మీదికి మడిచే రేకు వాషరు, కాస్త నొక్కిన మరలున్న నట్టు, ఏటవాలు పళ్ళున్న జంట వాషర్లు. ఈ పళ్ళ వాలు మర వాలు కంటే ఎక్కువ. కాబట్టి నట్టు వెనక్కి తిరగాలంటే బోల్టును ఇంకా సాగదీయాలి! బోల్టు కింద గొట్టం ముక్క పెట్టి పొడవైన బోల్టు వాడటం మరో మార్గం. పొడవు రెట్టింపైతే సాగుదలా రెట్టింపవుతుంది, అదే 0.02 మిల్లీమీటరు అణిగితే పోయే బిగువు పావు వంతే. మానిఫోల్డు రంధ్రాలను కాస్త పెద్దవిగా ఉంచితే అది బోల్టును నెట్టకుండా సాగగలదు. కొత్తగా బిగించాక ఇంజనును వేడెక్కించి, పూర్తిగా చల్లారాక, మధ్య నుంచి చివరలకు మళ్ళీ బిగిస్తారు.

ఇంత శ్రమ శబ్దం ఆపడానికే కాదు. సడలిన సందులోంచి కారే పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చలికాలం అద్దాలు మూసిన బండిలోకి అది చేరితే ప్రాణాపాయం. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గిపోయే శబ్దాన్ని మీరెప్పుడైనా వింటే, 'అదే సర్దుకుందిలే' అనుకోకండి. మానిఫోల్డు వ్యాకోచించి సందును తాత్కాలికంగా మూసి ఉండవచ్చు. మెకానిక్కుకు చూపించమని పెద్దలకు చెప్పండి. నట్టు ఉన్నచోటే ఉండవచ్చు. చూడవలసింది దాని బిగువు.