నాలుగవ తీగ

వీధి స్తంభములపై సాగు తీగలను మనము నిత్యము చూచుచునే యున్నాము. వానిలో మూడు ఫేజు తీగలు, నాలుగవది న్యూట్రల్. మిల్లులోని పెద్ద మోటారునకు మూడు తీగలు చాలును. మన యింటి దీపమునకు, రేడియోకు మాత్రము ఆ నాలుగవది లేనిదే గడువదు. ఈ యేర్పాటు ఎట్లు కలిగెనో నేడు మనవి చేయుదుము.

1882లో న్యూయార్కునందు ఎడిసన్ నెలకొల్పిన కేంద్రము 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు నిచ్చెను. అది సుమారొక మైలు దాటి పోజాలకుండెను. ట్రాన్స్‌ఫార్మరు వచ్చిన పిమ్మట ఏకాంతర విద్యుత్తు దూరము పోగలిగెను. కాని దానితో చక్కగ తిరుగు మోటారు లేకుండెను. 1888లో ఇటలీయందు ఫెరారిస్, అమెరికాయందు టెస్లా ఆ మోటారునకు మూలసూత్రమును వెల్లడించిరి. మరుసటి యేడు, రష్యాలో జన్మించి జర్మనీలో ఇంజనీరుగ నుండిన మిఖాయిల్ దొలివో-దొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారును నిర్మించెను.

1891 ఆగస్టులో నెకార్ నదీతీరమందలి లౌఫెన్ నుండి 175 కిలోమీటర్ల దూరమందున్న ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమునకు మూడు తీగలపై విద్యుత్తు చేరెను. అచట సుమారు వేయి దీపములు వెలిగెను. మోటారు నీటిని పైకి తోడగా కృత్రిమ జలపాతము దూకెను. లౌఫెనులోని నీటి బలమే ఫ్రాంక్‌ఫర్టులో మరల నీరై దుమికినదని చూపరులు అచ్చెరువందియుందురు.

అయితే మోటారునకు మూడు తీగలు, దీపమునకు రెండే. మూడు తీగచుట్టల కొనలను ఒక్కచోట కలిపి, ఆ కూడలి నుండి నాలుగవ తీగను తీయుటయే దీనికి ఉపాయము. ఏ రెండు ఫేజుల మధ్యనైనను 400 వోల్టులున్నచో, ఒక ఫేజునకును న్యూట్రలునకును మధ్య సుమారు 230 ఉండును. సగమేల కాదనగా, మూడు ఫేజుల అలలు ఒకేసారి పొంగక ఒకదాని వెనుక నొకటి వచ్చును. అందుచే 400ను 1.732తో భాగింపవలెను. ఇండ్లను మూడు ఫేజులకు సమముగ పంచినచో న్యూట్రలులో ప్రవాహము స్వల్పముగనే యుండును.

అంతమాత్రమున దానిని తేలికగ జూడరాదు. గాలివానకు న్యూట్రలు తెగినచో, వాడకము తక్కువగానున్న ఫేజునందలి యిండ్లలో వోల్టేజి హెచ్చును, ఎక్కువగానున్నచోట తగ్గును. ఒక యింట దీపము మిరుమిట్లు గొల్పును, పొరుగింట మినుకుమినుకుమనును, రేడియో కాలిపోవచ్చును. ఆ సూచన కనబడగనే మెయిను స్విచ్చి ఆపి, లైన్‌మ్యానుకు కబురంపుడు. తెగిపడినది న్యూట్రలే గదా యని తాకకుడు. దానియందును ప్రాణాపాయకరమగు విద్యుత్తు ఉండవచ్చును.