పగటి కొలువు, రాత్రి కుంపటి

గత వార్షిక సభలో భోజనములైన పిమ్మట మన కులమునకు జెందిన యొక యువతి నాయొద్దకు వచ్చెను. ఆమె హైదరాబాదులో నొక సంస్థయందు లెక్కలు వ్రాయు నుద్యోగము చేయుచు, రాత్రివేళల తన తాతగారి పనిముట్లతో వెండి లోలాకులు చేసి తెలిసినవారి కమ్ముచున్నదట. "మాస్టరుగారూ, జీతము పుచ్చుకొనుచు నీ పని చేయవచ్చునా? లేక యుద్యోగము మాని దీనినే పట్టుకొనవలెనా?" యని యడిగెను. ప్రక్కనున్న పెద్దలొకరు "రెండు పడవలలో కాళ్లు పెట్టరాదమ్మా" యని త్రోసివేసిరి. నాకును వెంటనే సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి యాలోచింపగా, మన పూర్వులలో నెందఱు రెండు పడవలలో కాళ్లు పెట్టియే దరిజేరిరో జ్ఞప్తికి వచ్చినది. ఈ వ్యాసమునకు మూల మదియే.

స్వర్ణకారు డనగా నంగడి తెఱచి స్వతంత్రముగా జీవించినవా డని మనము తలంతుము. గ్రామములయందు స్థితి వేఱు. పన్నిద్దఱాయగాండ్రలో కంసాలి యొకడు. అతనికి కళ్లమున మేరయు, కొన్నియెడల మాన్యమును నుండెడివి. శిస్తు సొమ్ము వచ్చినపుడు నాణెముల మంచిచెడ్డలు గీటురాయిమీద జూచి చెప్పుటయు బెక్కుచోట్ల నతని పనియే. ఆ కొలువు తీఱిన పిమ్మట ఊరివారి తాళిబొట్టులు, మురుగులు చేసి మజూరి పుచ్చుకొనెడివాడు. 1810లో దక్షిణదేశ చరిత్రమును బ్రకటించిన మార్క్ విల్క్సు దొర యీ పన్నిద్దఱను లెక్కించుచు నొక వింత వ్రాసెను: కొన్ని సీమలలో కంసాలి స్థానమున కవి యుండునట, అతడు తక్కువ ఖర్చుతో పోవువాడట, తఱచుగా బడిపంతులు పనియు నతనిదేయట! కంసాలి యింట బుట్టి బడిపంతులనైన నాకు దీనిని దలచుకొన్నపుడెల్ల నవ్వు వచ్చును.

అంతకు బూర్వపు సంగతి కౌటిలీయార్థశాస్త్రమున ద్వితీయాధికరణములో గలదు. పదుమూడవ యధ్యాయము సువర్ణాధ్యక్షుని గూర్చినది, పదునాలుగవది నగరవీథిలోని సౌవర్ణికుని గూర్చినది. రాజశాలలో బనిచేయు శిల్పులను లోనికి వచ్చునపుడును వెలికి బోవునపుడును బట్టలు, చేతులు వెదకి విడువవలెను. పనిలోనున్న బంగారమును చేసినవాని ముద్రయు, చేయించినవాని ముద్రయు వేసి దాపవలెను. తులావిషమము, అపసారణము, విస్రావణము, పేటకము, పింకము అని యైదు చౌర్యోపాయములను సయితము శాస్త్రకారుడు పేర్కొనెను. మనవారిపై నింత యనుమాన మేల యని చదువుకొను దినములలో నాకు గోపము వచ్చెడిది. ఇప్పు డట్లు తోచదు. ఇతరుల లోహమును చేతబట్టు వృత్తిలో తూనికయే పరువు.

ఇక మన తండ్రుల కాలము. 1962లో చైనాతో యుద్ధము జరిగెను. విదేశ మారకద్రవ్యము కొఱవడి, బంగారపు దొంగ దిగుమతుల నరికట్టవలెనని 1963 జనవరిలో బంగారు నియంత్రణ నియమములు వెలువడెను. అప్పుడు ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయిగారు. 14 క్యారెట్లకు మించిన క్రొత్త నగ చేయరాదు. అనగా 24 పాళ్లలో 14 పాళ్లే బంగారము. చదువువారి కిది యొక యంకె. కుంపటి ముందు గూర్చున్నవాని కిది వేఱొక లోహము. 22 క్యారెట్ల తీగ కమ్మచ్చులో మెత్తగా సాగును. 14 క్యారెట్లది బిగిసి నిలుచును, మాటిమాటికి గాల్చి మెత్తబఱచనిచో విఱుగును, రంగును మన యాడువారికి నచ్చదు. పెండ్లికి అట్టి తాళిబొట్టు నెవ్వరడుగుదురు? దేశమంతట వేలకొలది కుటుంబములకు బని పోయెను. కొందఱు ప్రాణములు దీసికొనిరి. ఆ నిబంధన కొలది యేండ్లకే తొలగినను, 1968 నాటి శాసనము సర్టిఫికెట్లను, లెక్క పుస్తకములను, కంసాలి 100 గ్రాములకు మించి బంగారము నుంచుకొనరాదన్న హద్దును నిలిపెను. 1990లో గాని యది రద్దు కాలేదు.

మా తండ్రిగారు 1963లో నొక బియ్యపు మిల్లులో కాటా గుమాస్తాగా జేరిరి. అప్పటికి నాకు రెండేండ్లు. గురిగింజ యెత్తు తూచిన చేతులు బస్తాలు తూచినవి. అయినను రాత్రి యెనిమిది గంటలకు కుంపటి రాజుకొనెడిది. వెండికి నియంత్రణ లేదు. మట్టెలు, పట్టీలు, మొలత్రాళ్లు చేసెడివారు. మిల్లు జీతము బియ్యమునకు, రాత్రి మజూరి మా చదువులకు. సొమ్ము రెండు డబ్బాలలో నుండెడిది; ఒకదానిలోని రూపాయి రెండవదానిలోనికి బోవుట నే నెఱుగను. పని ముగియగానే యాకురాతి పొడిని కుంచెతో దీసి తూచి, వచ్చిన వెండికిని బోయిన వెండికిని సరిచూచినగాని పండుకొనెడివారు కారు. పెండ్లిండ్ల మాసములలో నెవరెంత బ్రతిమాలినను రెండు జతలకు మించి యొప్పుకొనలేదు. "ముహూర్తము మా మిల్లు మేనేజరు కాదు, సెలవు చీటీ పుచ్చుకొనదు" అనెడివారు. తరువాత సర్టిఫికెట్టు పొంది కొలదిగా బంగారపు పనియు జేసిరి. శాసనము రద్దయిన నాటికి మా యూరిలో పని మఱవక మిగిలినవా రిద్దఱే. వారిలో నాయన యొకరు. మిల్లు జీతమే లేకున్న నా కుంపటి యేనాడో చల్లారి యుండెడిది.

నా కథ వేఱు. 1985లో సంస్కృత పండితుడనై ప్రభుత్వ పాఠశాలలో జేరితిని. రాత్రులందు ముక్కుపుడకలు చేసి యమ్మితిని. ముందుగా ననుమతి లేక ప్రభుత్వోద్యోగి వర్తకము చేయరాదని 1964 నాటి ప్రవర్తన నియమావళి చెప్పుచున్నది. అది యెఱిగియు నడుగకపోవుట నా తప్పు. ఎవరో యర్జీ పెట్టిరి. ఒక యేడు ఇంక్రిమెంటు నిలిచెను. భయపడి కుంపటి నార్పితిని. 2019లో విశ్రాంతి పొంది మరల గూర్చుండగా ఊదుగొట్టమునకు శ్వాస చాలలేదు. టంకము పాఱవలసినచోట నగయే కరిగెను. అమరకోశమున స్వర్ణకారునికి నాడింధముడని యొక పేరు. గొట్టము నూదువాడని యర్థము. ఆ పేరునకు నేనిక దగనని యా రాత్రి తెలిసినది.

కావున నా యువతికి వ్రాసిన యుత్తరములో నుద్యోగము మానుమని వ్రాయలేదు. కుంపటి నార్పవలదని మాత్రము రెండుమార్లు వ్రాసితిని. నియామక పత్రములో నితర వ్యాపకములను గూర్చి యేమున్నదో ముందు జదువుకొనుమంటిని. 2021 జూన్ నుండి బంగారు నగలకు హాల్‌మార్కు నిర్బంధమైనను, ఏటికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారము గలవారికి మినహాయింపు గలదు. 2023లో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకమున మన పనియు జేరినది. పనిముట్లకు 15,000 రూపాయల సాయము గలదు, కాని ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు వర్తింపదు. మొదట బంగారము జోలికి బోక, కరీంనగరు వారివలె వెండి తీగపని నభ్యసింపుమంటిని. అందు లోహము స్వల్పము, శ్రమ యధికము. మూలధనము తక్కువై రాత్రులు మాత్రమే చేతనున్నవారి కది తగును.

ఉత్తరముతో బాటు నాయనగారి కమ్మచ్చును బంపితిని. దాని చివరి రంధ్రములు రెండు అరిగి వెడల్పయినవి. వానిలో దీగ లాగవలదని చీటీ కట్టితిని.